పచ్చ లైటు వెలిగిందని పని అయిపోయిందనుకోకు, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నాకు 23 ఏళ్ళు, మాది హనుమకొండ. పాలిటెక్నిక్ అయిపోయింది, ఉద్యోగం చూస్తున్నా. మా గల్లీలో ఎవరింట్లో వైఫై పెట్టాలన్నా, కెమెరాలు బిగించాలన్నా నన్నే పిలుస్తారు, ఇప్పటికి పదిహేను ఇళ్ళదాకా చేశాను. ఇప్పుడు మా దోస్తు వాళ్ళ బాపు నయీంనగర్‌లో డయాగ్నొస్టిక్ సెంటర్ పెడుతున్నాడు, మూడు ఫ్లోర్లు. 24 కంప్యూటర్ పాయింట్లు, 10 కెమెరాలు, 2 వైఫై పాయింట్లు, వెనక ఇంకో చిన్న బిల్డింగ్‌లో ఉన్న స్టోర్‌కి ఒక లైను కావాలి. ఒక ఏజెన్సీ లక్షా నలభై వేలు చెప్పిందట. "నువ్వు అరవై వేలకు చెయ్యి, సామాను కూడా నువ్వే తే" అంటున్నాడు. రెండు వారాల్లో ఫాల్స్ సీలింగ్ పని మొదలవుతుంది. చెయ్యగలననే అనిపిస్తోంది కానీ రాత్రి పడుకుంటే టెన్షన్‌గా ఉంటోంది. ఒప్పుకోవాలా, వద్దా?

సమాధానం: తమ్ముడూ, ఈ పని మొత్తం నీ ఒక్కడి మీద వేసుకోకు. వద్దు అనడం లేదు, ఒక్కడివే వద్దు అంటున్నా. ఆ పనిలోకి నువ్వు వెళ్ళాల్సిందే, కానీ వేరే దారిలో. అదేంటో చివర్లో చెప్తా, ముందు నీకు రాత్రి నిద్ర ఎందుకు పట్టడం లేదో చూద్దాం, ఎందుకంటే నీ భయం ఉత్తది కాదు.

ఇళ్ళల్లో చేసిన పనికీ దీనికీ తేడా పాయింట్ల లెక్కలో లేదు. ఇంట్లో నెట్ ఆగిపోతే ఫోన్ చేస్తారు, మోడెం ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి అంటావు, సాయంత్రం వెళ్ళి చూస్తావు, చాయ్ ఇస్తారు. డయాగ్నొస్టిక్ సెంటర్‌లో పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా పరగడుపున వచ్చినవాళ్ళు లైన్లో ఉంటారు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు, గర్భిణులు. ఆ టైంలో బిల్లింగ్ కంప్యూటర్‌కి నెట్‌వర్క్ అందకపోతే శాంపిల్ మీద అంటించే స్టిక్కర్ రాదు, స్టిక్కర్ లేకపోతే రక్తం తీయరు. రిపోర్టు ఆలస్యమైతే బయట డాక్టర్ దగ్గర మనిషి కూర్చుని ఉంటాడు. ఆ రోజు మీ దోస్తు వాళ్ళ బాపు నీకే ఫోన్ చేస్తాడు, నువ్వు ఇంటర్వ్యూ కోసం హైదరాబాద్ బస్సులో ఉన్నా సరే నీకే చేస్తాడు.

నా సంగతి ఒకటి చెప్తా. పన్నెండేళ్ళ కింద నాదీ నీలాంటి పరిస్థితే. కాజీపేట వైపు ఒక ఆఫీసులో పద్నాలుగు పాయింట్లు వేశాను. కేబుల్ చక్కగా లాగాను, పట్టీ నీట్‌గా కొట్టాను, ప్రతి లైనుకీ చిన్న టెస్టర్ పెట్టి చూశాను, ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. డబ్బులు తీసుకుని వచ్చేశాను. వారం తిరక్కముందే గొడవ మొదలైంది. దగ్గరి సీట్లు బాగానే ఉన్నాయి, దూరంగా ఉన్న సీట్లలో మాత్రం ఫైల్ ఓపెన్ అవుతూ అవుతూ ఆగిపోయేది. ఇంటర్నెట్ వాళ్ళని తిట్టారు, సాఫ్ట్‌వేర్ మనిషిని పిలిపించారు, కంప్యూటర్లు ఫార్మాట్ చేశారు. మూడు వారాల తర్వాత ఒక పెద్దాయన వచ్చి, జాక్‌ని కిటికీ వెలుతురులో పెట్టి చూసి, రంగులు చూడు అన్నాడు. నేను తెల్లనారింజ-నారింజ, తెల్లాకుపచ్చ-ఆకుపచ్చ, తెల్లనీలం-నీలం, తెల్లగోధుమ-గోధుమ అని జతలు జతలుగా పక్కపక్కనే పెట్టేశాను. రెండు చివరలా అట్లాగే పెట్టాను కాబట్టి టెస్టర్‌కి అది తప్పు కాదు. కానీ జాక్‌లో ఉండే ఎనిమిది నంబర్లలో ఒక జత 1-2, ఇంకోటి 3-6, తర్వాత 4-5, 7-8. అంటే 3, 6 నంబర్లలో ఒకే జత తీగలు ఉండాలి. నా దాంట్లో ఒక జతలోది ఒకటి, ఇంకో జతలోది ఒకటి పడ్డాయి. తీగల్ని మెలిపెట్టి ఉంచేదే ఒక దాని సిగ్నల్ ఇంకోదాన్ని పాడుచేయకుండా, ఆ మెలికే లేకుండా చేశానన్నమాట. పద్నాలుగు లైన్లు, ఇరవై ఎనిమిది చివరలు, అన్నీ కోసి మళ్ళీ చేశాను. ఆ ఆఫీసాయన నన్ను ఒక్క మాట అనలేదు, మళ్ళీ ఏ పనికీ పిలవనూ లేదు. ఆయన మూడు వారాలు పోగొట్టుకున్నది నా వల్ల అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నీకు రంగుల వరస వచ్చే ఉంటుంది, పదిహేను ఇళ్ళు చేశావు కదా. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. నేను చెప్పేది రంగుల గురించి కాదు, మన దగ్గర ఉండే నాలుగైదు వందల టెస్టర్ తీగ కలిసిందా లేదా అన్నదొక్కటే చెప్తుందని. లైను వేగం మోస్తుందా, తీగల మధ్య సిగ్నల్ కలుస్తోందా, పొడవు ఎంత, ఎక్కడ నలిగింది, ఇవేవీ చెప్పదు. లైన్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ మీద పచ్చ లైటు కూడా అంతే. నువ్వు ఇళ్ళల్లో వేసిన లైన్లు పది, పదిహేను మీటర్లు ఉంటాయి, తప్పు ఉన్నా తెలియదు. మూడో ఫ్లోర్ నుంచి కింద స్విచ్‌లు పెట్టే ర్యాక్ దాకా తిప్పి తెస్తే యాభై, అరవై మీటర్లు ఇట్టే అయిపోతుంది. గోడలో పోయే కేబుల్ 90 మీటర్లు, రెండు చివర్లా తగిలించే చిన్న కేబుళ్ళకి, అంటే ప్యాచ్ కార్డులకి, ఇంకో 10, మొత్తం 100 మీటర్లు, అంతే, అది దాటకూడదు. ఆ 100 కూడా అన్నీ సరిగ్గా చేస్తేనే. చివర్లో తీగల మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే అరంగుళం. మలుపు దగ్గర కేబుల్ మందానికి నాలుగు రెట్ల కంటే బిగువుగా వంచకూడదు. పైపులోంచి లాగేటప్పుడు పదకొండు కిలోల బరువుకి మించి లాగితే లోపల మెలికలు సాగిపోతాయి. పైపులో కేబుల్ లాగే స్ప్రింగ్ ఇరుక్కుందని ఇద్దరు కలిసి వేలాడితే ఏమవుతుందో ఆలోచించు, బయట తోలు మీద గీత కూడా పడదు.

లెక్క కూడా ఒకసారి వేద్దాం. 24, 10, 2 కలిపి 36 లైన్లు. 36 లైన్లంటే 72 చివరలు, ఒక్కో చివర ఎనిమిది తీగలు, మొత్తం 576 తీగలు నీ చేతి మీదుగా పోతాయి. లైను సగటున 30 మీటర్లనుకున్నా 1,080 మీటర్లు, ఒక బాక్సులో వచ్చేది 305 మీటర్లు కాబట్టి నాలుగు బాక్సులు కావాలి. దీనికి 24 గోడ పాయింట్లు, ఫేస్‌ప్లేట్లు, లైన్లన్నీ వచ్చి ఆగే ప్యాచ్ ప్యానెళ్ళు, ర్యాక్, ప్యాచ్ కార్డులు, పైపులు, పట్టీలు, డ్రిల్ బిట్లు, ఒక హెల్పర్ కూలీ. వరంగల్‌లో రెండు షాపుల్లో అడిగి ఇవన్నీ కాగితం మీద రాసి కూడు. అసలు క్యాట్ సిక్స్ రకం రాగి నెట్‌వర్క్ కేబుల్ పెడితే అరవై వేలలో నీకు ఎంత మిగులుతుందో చూడు. మిగలదు. మిగలనప్పుడు చెయ్యి ఎటు పోతుందంటే చవక బాక్సు వైపు పోతుంది, నాకు అసలు భయం అక్కడే.

ఆ చవక బాక్సులో ఉండేది అల్యూమినియం మీద రాగి పూత. బాక్సు మూలన చిన్నగా సీసీఏ అని రాసి ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. ఎత్తి చూస్తే రాగి దానికన్నా తేలిక. తీగ చివర బ్లేడుతో గీకితే లోపల తెల్లగా వెండిలా కనిపిస్తుంది. క్యాట్ ఫైవ్ ఈ, క్యాట్ సిక్స్ ప్రమాణాలు ఒప్పుకునేది పూర్తి రాగినే, దీని మీద ఏం ముద్ర వేసినా అది ఆ రకం కేబుల్ కాదు. అల్యూమినియం కరెంటుని అడ్డుకోవడం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. నీ పది కెమెరాలకీ కరెంటు వచ్చేది ఇదే కేబుల్‌లోంచి, దాన్నే పీఓఈ అంటారు. మామూలు పీఓఈ స్విచ్ ఒక పోర్టుకి 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరా దాకా చేరేసరికి 12.95 ఉంటుందని లెక్క కట్టారు, ఆ లెక్క రాగికి. సీసీఏ వేస్తే పొద్దంతా బాగానే ఉంటుంది, రాత్రి కెమెరాలో చీకట్లో చూపించే ఐఆర్ లైట్లు వెలగగానే కరెంటు సరిపోక ఆఫ్ అయి ఆన్ అవుతుండొచ్చు. దొంగతనం జరిగేదే రాత్రి కదా. పైగా తీగ పెళుసు, జాక్‌లో రెండుసార్లు కదిలితే విరిగిపోతుంది. కట్టగట్టి ఫాల్స్ సీలింగ్ పైన పడేసిన కేబుళ్ళు మన మే నెల ఎండల్లో ముందే వేడెక్కి ఉంటాయి, వాటిలోంచి కరెంటు పోతే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. మనుషులు పరీక్షల కోసం కూర్చునే చోట నెత్తి మీద అట్లాంటిది పెట్టొద్దు తమ్ముడూ, ఎవరెంత బతిమాలినా పెట్టొద్దు.

ఇంకొకటి, వెనక బిల్డింగ్ స్టోర్ లైను. నువ్వు ఒక ముక్కలో రాసేశావు కానీ మొత్తం పనిలో ప్రమాదకరమైనది అదే. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి గాలిలో రాగి కేబుల్ వేలాడదీయొద్దు. రెండు బిల్డింగుల ఎర్తింగ్ వేరు. దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా రెండు ఎర్తింగుల మధ్య తేడా ఆ సన్నటి తీగలోంచే పరిగెడుతుంది. తొలకరి ఉరుములకి రెండు వైపులా స్విచ్‌లు మాడిపోవడం ఈ పని చేసేవాళ్ళందరూ చూసిందే, ఆ సమయానికి ఎవరైనా ఆ కేబుల్ పట్టుకుని ఉంటే స్విచ్‌తో పోదు. అక్కడ కరెంటు పారని గాజు తీగ, ఫైబరే వేయాలి, లోపల ఎక్కడా లోహం లేని రకం, రెండు చివర్లా దాన్ని మామూలు లైనుకి కలిపే మీడియా కన్వర్టర్ ఒక్కోటి. ఫైబర్ అతికించే మిషన్ నీ దగ్గర అవసరం లేదు, ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్ల దగ్గర పనిచేసే పిల్లలు ఆ పని రోజూ చేస్తుంటారు.

బయట కెమెరాలకి పోయే కేబుల్ ఎండకి ఆగే నల్ల తోలుది తీసుకుని పైపులోంచి పంపాలి. మన దగ్గర డాబాల మీద కోతులు వేలాడే తీగని వదలవు, లోపల ఎలుకలు వదలవు.

కరెంటు సంగతి. సీలింగ్‌లో ఎలక్ట్రీషియన్ పైపులు వేసే ఉంటాడు, "దాంట్లోంచే లాగు, జాగా ఉంది కదా" అంటాడు. వద్దు. 230 వోల్టుల వైరు, డేటా కేబుల్ ఒకే పైపులో ఉండకూడదు. ఇంటర్‌ఫియరెన్స్ వచ్చి సిగ్నల్ చెడుతుందని అందరూ చెప్తారు, నిజమే, కానీ అసలు కారణం అది కాదు. లోపల వైరు తోలు ఒకచోట గీసుకుపోతే ఆ కరెంటు నీ కేబుల్‌లోంచి రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ దాకా వస్తుంది. వేరే పైపు వేయి, దూరంగా వేయి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు, పక్కపక్కన నడిపించకు. ర్యాక్‌కి కావాల్సిన కరెంటు పాయింటు, ఎర్తింగ్, యూపీఎస్ లైను లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు, నాకూ వచ్చు కదా అని చెయ్యి పెట్టకు.

గోడకి హోల్ కొట్టే ముందు కూడా. బీమ్‌లకి, పిల్లర్లకి డ్రిల్ పెట్టకూడదని నీకు తెలిసే ఉంటుంది. డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఇంకో గోడ ఉంది, ఎక్స్‌రే గదిది. ఆ గోడ మందం, ఆ తలుపుకి వేసిన సీసం రేకు రేడియేషన్ బయటికి రాకుండా లెక్క ప్రకారం పెట్టినవి. ఎక్స్‌రే మిషన్‌కి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్స్ కావాలి, ఆ గదికి నిబంధనలున్నాయి. కేబుల్ కోసం నువ్వు అడగకుండా అక్కడొక హోల్ కొడితే ఆ గది బయట బెంచీ మీద రోజూ కూర్చునేవాళ్ళ సంగతి ఏంటి? ఎక్కడ హోల్ కొట్టాలన్నా మిషన్ బిగించే ఇంజినీర్‌ని అడిగి, ఆయన చూపించిన చోటే కొట్టాలి. ఈ సంగతి నీ దృష్టికి వచ్చి ఉండదనే అనుకుంటున్నా, ఇళ్ళల్లో ఎక్స్‌రే గదులుండవు కదా. తెలియని చోటు అంటే ఇట్లాగే ఉంటుంది, ఏం అడగాలో కూడా తెలియదు. నీ తెలివిలో లోపం ఏమీ లేదు, ఇది అనుభవంతో వచ్చేది.

ఇక నిచ్చెన. పన్నెండడుగుల ఎత్తులో చేతులు పైకెత్తి డ్రిల్ పట్టుకుని పనిచేస్తావు. నువ్వో, నువ్వు పిలిచిన హెల్పర్ పిల్లవాడో పడితే ఎవరు చూస్తారు? ఏజెన్సీ చెప్పిన లక్షా నలభైలో కొంత దానికీ, ఏడాది పాటు వచ్చి చూడడానికీ, తప్పు జరిగితే మళ్ళీ చేయడానికీ ఉంటుంది. ఆ ధర మరీ ఎక్కువా కాదా అన్నది వేరే, ఇంకో ఇద్దరిని అడిగితే తెలుస్తుంది. కానీ నీ అరవై వేలలో ఇవేవీ లేవు, అవన్నీ నీ మీదా, మీ అమ్మానాన్నల మీదా పడతాయి.

దోస్తు వాళ్ళ బాపు దగ్గర కాగితం అడగడానికి నీకు మొహమాటం, నాకు తెలుసు. ఆయనకీ నీకూ మధ్య రాతలో ఏమీ లేకపోతే "ఇంకో రెండు పాయింట్లు వేసెయ్ బిడ్డా" అన్నది ఎనిమిది పాయింట్లవుతుంది, గోడ పగలగొట్టినచోట ప్లాస్టరింగ్ ఎవరిదన్న మాట వస్తుంది, చివరికి దోస్తు మధ్యలో నలిగిపోతాడు.

ఇప్పుడు నేనైతే ఏం చేస్తానో చెప్తా. ముందు ఆయన దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్తా: బాపూ, ఇంత పని నేను ఇంతకుముందు చేయలేదు, మీ సెంటర్ నా మీద ఆగిపోవద్దు, కేబులింగ్ పనే చేసే కాంట్రాక్టర్‌ని మనం పెట్టుకుందాం, ఆయన కింద నేను పనిచేస్తా, రోజూ సైట్‌లో ఉంటా, మీ తరఫున చూసుకుంటా. ఇది విని చిన్నబుచ్చుకునే మనిషి అరుదు, డబ్బు పెట్టేవాడికి సైట్‌లో సొంత మనిషి ఉండడం కన్నా కావాల్సింది లేదు. హనుమకొండలో, కరీంనగర్‌లో కాలేజీలకి, హాస్పిటళ్ళకి ఈ పని చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు గతంలో చేసిన ఒక చోటికి వెళ్ళి ర్యాక్ తలుపు తీసి చూడు. కేబుళ్ళకి రెండు చివర్లా నంబర్లున్నాయా, ప్యాచ్ ప్యానెల్ ఉందా లేక కేబుళ్ళన్నీ నేరుగా స్విచ్‌లోకి గుచ్చారా, ఐదు నిమిషాల్లో మనిషి పని తెలిసిపోతుంది. నంబర్లు లేని ర్యాక్‌లో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఒకే ప్యాచ్ కార్డు రెండు చివరలూ అదే స్విచ్‌లో పెడతారు, మామూలు స్విచ్ అయితే మొత్తం నెట్‌వర్క్ నిమిషంలో పడుకుంటుంది, ఏ తీగో వెతకడానికి పూట పడుతుంది.

కాంట్రాక్టర్‌తో రాసుకునే కాగితంలో ఒక్క షరతు మాత్రం వదలొద్దు: 36 లైన్లకీ, అవి వేగం మోస్తాయో లేదో మిషన్‌తో కొలిచే సర్టిఫికేషన్ టెస్ట్ చేసి, లైను లైనుకీ రిపోర్టు ఇవ్వాలి, అది ఇచ్చాకే చివరి పేమెంట్. ఆ మిషన్ లక్షల్లో ఉంటుంది, అందుకే కొందరు కొనరు, టెస్టింగ్ కోసం ఒక రోజుకి తెప్పిస్తారు. ఇందాక చెప్పిన నా పద్నాలుగు లైన్ల తప్పుని ఆ మిషన్ మొదటి లైన్లోనే చూపించేది. సీసీఏ కేబుల్‌ని కూడా పట్టేయగలదు. వెయిటింగ్ హాల్లో ఉండే పాయింట్లని వాడకపోతే ర్యాక్ దగ్గరే తీసేసి ఉంచమను, ఎవరో వచ్చి ల్యాప్‌టాప్ గుచ్చితే పేషెంట్ల రిపోర్టులుండే నెట్‌వర్క్‌లోకి దారి దొరకకూడదు.

నీ వంతు కూలీగా మాట్లాడుకో, సిగ్గుపడకు. కేబుల్ లాగడం, నంబర్లు వేయడం, గోడ పాయింట్లలో తీగలు గుచ్చే పంచింగ్, ప్లాన్ కాగితం మీద ఏ లైను ఎటు పోయిందో గీయడం నీ చేతిలోకి తీసుకో. టెస్ట్ జరిగే రోజు పక్కనే నిలబడి, ఫెయిల్ వచ్చిన ప్రతి లైనూ ఎందుకు ఫెయిలయిందో అడుగు. ఫెయిల్‌లు వస్తాయి, మంచి పనివాడికీ ఒకటో రెండో వస్తాయి. ఇట్లాంటివి రెండు, మూడు పనులు చేశాక పదిహేను పాయింట్ల షాపు ఒకటి సొంతంగా తీసుకో, అప్పుడు నేనే నీకు ఆల్ ది బెస్ట్ చెప్తా.

ఆయన అస్సలు ఒప్పుకోక, నువ్వే చెయ్యాలి, అరవై వేలే అంటే మాత్రం చేతులు జోడించి వద్దనేసేయ్. కింద ఫ్లోర్‌లో రిసెప్షన్, బిల్లింగ్ ఆరు పాయింట్లు, గోడ మీద కనిపించే పట్టీలో పోయేవి, కావాలంటే అవి చేసిపెట్టు, తప్పొస్తే విప్పి చూసుకునే వీలుంటుంది. సీలింగ్ పైన మూసేసేవి ముట్టుకోకు.

టైం ఎక్కువ లేదు. ఫాల్స్ సీలింగ్ ఫ్రేములు పడ్డాక కేబుల్ లాగడం రెండింతల కష్టం, బోర్డు మూసేశాకైతే పగలగొట్టడమే. ఈ ఆదివారంలోగా ఆయనతో మాట్లాడు, సీలింగ్ మేస్త్రీకి ఫోన్ చేసి కేబుల్ పని అయ్యేదాకా ఏ ఫ్లోర్‌లోనూ మొదలుపెట్టొద్దని చెప్పించు. ఆయన ఏమన్నాడో నాకు రాయి.